ముప్పై ఆరు సమ్మతి పత్రాలు

గన్నవరం దాటి కాలువ గట్టు వెంట రెండు కిలోమీటర్లు పోతే, రొయ్యలు ఒలిచి విదేశాలకు పంపే ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. సాజిదా అందులో పద్నాలుగేళ్లు పనిచేసింది. మొదటి తొమ్మిదేళ్లు ఐసు నీళ్లలో చేతులు పెట్టి రొయ్యలు ఒలిచింది. తర్వాత ఐదేళ్లు ఒలిచేవాళ్ల మీద మేస్త్రీగా నిలబడింది. నిలబడింది అన్న మాట అక్షరాలా నిజం. ఆ షెడ్డులో మేస్త్రీకి కుర్చీ వేసేవారు కాదు.

పటమటలో రెండు గదుల అద్దె ఇల్లు. భర్త నాగుల్ మీరా ఆటోనగర్‌లో లారీలకు రంగులు కొట్టి కొట్టి, ఊపిరితిత్తులు పాడై ఇంటిపట్టున ఉండిపోయాడు. కూతురు మహెక్ ఇంటర్ చదువుతోంది. ముగ్గురికీ ఆధారం సాజిదా ఉద్యోగమే. అందువల్ల ఆమె ఫ్యాక్టరీలో ఎవరినీ ఏమీ అడిగేది కాదు.

ఏళ్ల తరబడి రొయ్య ఒలిచిన బొటనవేలికి గీతలు మిగలవు. పెంకు గరుకు, ఐసు, క్లోరిన్ నీళ్లు కలిసి చర్మాన్ని అరగదీస్తాయి. సిరా పూసి కాగితం మీద నొక్కితే నల్లటి మరక పడుతుంది తప్ప ముద్ర పడదు. అలా మరకలు పడిన పీఎఫ్, బ్యాంకు ఫారాలు ఎక్కడికి పంపినా తిరిగి వచ్చేవి. మేస్త్రీ అయ్యాక సాజిదా వేలికి గీతలు మళ్లీ వచ్చాయి. ఆనాటి నుంచి ఎవరి ముద్ర పడకపోయినా తన వేలు నొక్కడం ఆమెకు అలవాటైంది. ఆ పనికి చట్టం పెట్టిన పేరు కఠినమైనది. షెడ్డులో మాత్రం దాన్ని సాయం అనేవారు.

రెండువేల మూడు సెప్టెంబరులో కాంట్రాక్టరు బాలశౌరి శ్రీకాకుళం పల్లెల నుంచి ముప్పై ఆరుగురు ఆడపిల్లలను తీసుకొచ్చాడు. ఫ్యాక్టరీ వెనక రేకుల షెడ్డే వాళ్ల హాస్టలు. పని ముగియగానే గేటుకు తాళం పడేది. రేషన్ కార్డులు, స్కూలు సర్టిఫికెట్లు భద్రంగా ఉంటాయని చెప్పి బాలశౌరి ఇనుప బీరువాలో పెట్టేశాడు. ఆ పిల్లలు కాంట్రాక్టరు మనుషులని ఫ్యాక్టరీ అనేది. తాను ఫ్యాక్టరీ చెప్పినట్టు చేస్తున్నానని కాంట్రాక్టరు అనేవాడు. సముద్రానికి అవతల ఆ రొయ్యలు అమ్ముకునే కంపెనీకి వీళ్లెవరో తెలియదు. ఎవరిని అడిగినా బాధ్యత పక్కవాడిదే అయ్యే ఏర్పాటు అది. చాలా తెలివైనవాళ్లు, చాలా ఓపికగా కట్టిన ఏర్పాటు.

డిసెంబరులో ఆ విదేశీ కంపెనీ ఒక ప్రశ్న పంపింది: మీ దగ్గర ఎవరినైనా బలవంతంగా పనిలో ఉంచారా? జవాబుగా బాలశౌరి ఒక కాగితాల కట్టతో షెడ్డుకు వచ్చాడు.

"సాజిదమ్మా, కంపెనీ ఫార్మాలిటీ. పిల్లల్ని పనిలోంచి లేపితే లోడు లేటవుద్ది. ఆ వేలేదో నువ్వే వేసెయ్."

"ఏం రాశారండి?"

"అందరూ సుఖంగా ఉన్నారని. లేరంటావా?"

ముప్పై ఆరు కాగితాల మీద సాజిదా వేలు నొక్కింది. అంతా పది నిమిషాల పని.

జనవరిలో పైడమ్మ అనే పిల్లకు ఊరి నుంచి ఉత్తరం వచ్చింది. తల్లి నూతి దగ్గర జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. మంచం మీదే అన్నీ. చూసే దిక్కు లేదు. ఇంటికి పంపమని పైడమ్మ బాలశౌరిని అడిగింది. అతను బీరువా తీసి కాగితం చూపించాడు. జూను నెలాఖరు వరకు ఇక్కడే ఉంటానని ఆమే ఒప్పుకుందట.

ఆ మధ్యాహ్నం అన్నాల వేళ పైడమ్మ సాజిదా పక్కన వచ్చి కూర్చుంది.

"పిన్నీ, ఆ కాయితం మీద ఏలిముద్ర ఉంది."

"ఉంటే?"

"నాకు సంతకం వొచ్చు గదేటి. పదో తరగతి పేసయినాను. నానెందుకు ఏలిముద్దరేస్తాను?"

సాజిదా చేతిలోని ముద్దను కంచంలో పెట్టేసింది. ఒలిచేవాళ్లకు చదువు ఉంటుందన్న ఆలోచనే ఆమెకు ఎప్పుడూ రాలేదు.

"అది నేనే వేశానే పిల్లా."

పైడమ్మ ఏడవలేదు, తిట్టలేదు. "అయితే ఆ ముద్దర నువ్వే తీయించు," అని లేచి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఆ మాట చెప్తే నాగుల్ మీరా దగ్గు ఆపుకుని నవ్వాడు.

"పోయి నా వేలేనని చెప్పు. బాలశౌరి నీకు సన్మానం చేస్తాడు."

"ఎగతాళి చేయబాకు."

"ఎగతాళి కాదు. చెప్తే ఉద్యోగం ఊడుద్ది. చెప్పకపోతే నీకు నిద్ర ఊడుద్ది. ఏది కావాలో నువ్వే చూసుకో."

నెల రోజులు సాజిదా ఏదీ తేల్చుకోలేదు. అలిసిపోయిన మనిషికి నిర్ణయం కూడా ఒక అదనపు షిఫ్టు లాంటిదే.

ఫిబ్రవరిలో విదేశీ కంపెనీ తరఫున పద్మావతమ్మ అనే ఆవిడ చెన్నై నుంచి తనిఖీకి వచ్చింది. సరిగ్గా గుణదల మేరీమాత ఉత్సవాల రోజులు. ఆ ఉదయమే బాలశౌరి ముప్పై ఆరుగురినీ లారీ ఎక్కించి గుణదల కొండకు పంపించాడు. ఐదు నెలల్లో వాళ్లు గేటు దాటడం అదే మొదటిసారి. పైడమ్మ కూడా తలలో బంతిపూలు పెట్టుకుని ఎక్కింది. కాపలాకు లారీ వెనక ఇద్దరు మగవాళ్లు కూర్చున్నారు.

"పండగ కదండి, పిల్లలు ముచ్చటపడ్డారు. కాదనలేకపోయాం," అన్నాడు మేనేజరు రామకోటేశ్వరరావు.

పద్మావతమ్మ ఫైలు తిరగేసింది. "అందరూ ఇష్టపడే ఉన్నట్టు రాశారు. ఈ ముద్రలు ఎవరి ఎదుట వేయించారు?"

"మా మేస్త్రీ ఎదుటేనండి. సాజిదమ్మా, చెప్పమ్మా."

అవునంటే చాలు. ఆవిడ సాయంత్రం రైలెక్కి వెళ్లిపోతుంది. జూను దాకా పైడమ్మ ఇక్కడే ఉంటుంది. ఆ తర్వాత ఇంకో కాగితం వస్తుంది. దాని మీదా తన వేలే పడుతుంది.

"అవన్నీ నా వేలిముద్రలండి," అంది సాజిదా.

రామకోటేశ్వరరావు నవ్వాడు. "మా వైపు మాట తీరు మేడమ్. తన చేతుల మీదుగా జరిగిందని..."

"మాది కావలి ఊరేనండి. నాకు తెలుగు వచ్చు," అంది పద్మావతమ్మ.

సిరా తెప్పించి ఒక తెల్లకాగితం ముందుకు జరిపింది. సాజిదా బొటనవేలికి రొయ్య ముల్లు దిగి మానిన పాత మచ్చ ఏటవాలుగా ఉంది. ఫైలులోని ముప్పై ఆరు ముద్రల్లోనూ అదే గీత. బీరువా తెరిపించారు. అందులో పైడమ్మ పదో తరగతి సర్టిఫికెట్ ఉంది; సంతకం చేయగల ఆ పిల్ల సమ్మతి పత్రం మీద మాత్రం వేలిముద్ర ఉంది.

"ఏం రాసుందో చూసుకోలేదా అమ్మా?" అంది పద్మావతమ్మ.

"నాకు చదువు రాదండి. వచ్చినా చదివేదాన్ని కాదేమో."

లారీ తిరిగి వచ్చేదాకా పద్మావతమ్మ కదల్లేదు. ఇంటికి వెళ్లాలనుకునేవాళ్లను చేతులు ఎత్తమంది. గేటు పక్కన బాలశౌరి చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఐదు చేతులే లేచాయి. మొదటిది పైడమ్మది. ఎవరికి భయపడుతున్నారో ఆ మనిషి ఎదుటే ఇష్టం అడిగి, వచ్చిన జవాబును స్వేచ్ఛ అని రాసుకోవడం ఎంత తేలిక! ఆ ఐదుగురి కార్డులూ వాళ్ల చేతికి వచ్చాయి.

రెండు రోజుల తర్వాత రేకుల షెడ్డు ఖాళీగా ఉంది. మిగిలిన ముప్పై ఒక్కరినీ బాలశౌరి సముద్రం వైపు ఎక్కడికో తరలించాడు. లోపాలు సరిదిద్దామని ఫ్యాక్టరీ రాసింది. సంతోషమని విదేశీ కంపెనీ జవాబిచ్చింది. కంటైనర్లు మామూలుగానే వెళ్లాయి. ఈ మొత్తం వ్యవహారంలో శిక్ష పడింది ఒక్కరికే. దొంగ వేలిముద్రలు వేసిందని సాజిదాను పనిలోంచి తీసేశారు.

సాజిదా స్టేషనుకు వెళ్లి పైడమ్మను రైలెక్కించింది.

"మిగతావోలు ఎలాగ పిన్నీ?"

"అమ్మ దగ్గరికి పో ముందు."

మరుసటి సోమవారం సాజిదా కార్మిక శాఖ ఆఫీసుకు వెళ్లింది. ముప్పై ఒక్క పేర్లూ మహెక్ చేత రాయించి పట్టుకెళ్లింది. అక్కడి అధికారి మంచివాడే. కాగితం రెండుసార్లు చదివాడు.

"వీళ్ల ఊళ్లు, ఇంటిపేర్లు కావాలమ్మా. ఇప్పుడు ఎక్కడున్నారో కూడా."

"ఊళ్లు ఐదారుగురివే తెలుసండి. పైడమ్మకు ఉత్తరం రాస్తే మిగతావి చెప్పుద్ది."

"ఇంకో సంగతి. ఫిర్యాదు ఇస్తే నువ్వు చేసింది కూడా రాయాలి. కేసంటూ అయితే నీ మీద కూడా అవుద్ది."

"రాయండి."

"వాయిదాలకు తిరగాలి. ఏళ్లు పడుతుంది. ఆలోచించుకున్నావా?"

సాజిదా కుర్చీ వైపు చూసింది. అతను కూర్చోమన్నాడు. కూర్చుంది. నొప్పి పెడుతున్న మోకాళ్లు నిమురుకుంది.

"ఆఫీసు రోజూ ఎన్నింటికి తీస్తారండి?" అని అడిగింది.