ఏ దా అంటే రమ్మనే కదా

నా నోటికి తాళం వేయడం మా అమ్మ వల్లే కాలేదు, కువైట్‌లో మామా వల్ల ఎక్కడవుతుంది? మామా అంటే నేను పని చేసిన ఇంటి యజమానురాలు. ఆమె ఆఖరి కూతురిని నెలల గుడ్డుగా ఉన్నప్పటి నుంచి నేనే సాకాను. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్ల. ఆలస్యంగా కూర్చుంది, ఆలస్యంగా నడిచింది, నవ్వడంలో మాత్రం ఏ ఆలస్యమూ చేయలేదు. ఆరేళ్లొచ్చినా మాట రాలేదని ఇంట్లో అందరికీ దిగులు.

"పాప చెవిలో ఒక్క భాషే పడాలని డాక్టరు చెప్పాడు. అరబీలోనే మాట్లాడు" అని మామా నాకు గట్టిగా చెప్పింది. నేను బుద్ధిగా తల ఊపాను. కానీ నాకొచ్చిన అరబీ ఎంత? జీబ్ అంటే తీసుకురా, శీల్ అంటే తీసెయ్, నజ్జిఫ్ అంటే శుభ్రం చెయ్. ఈ మూడు ముక్కలతో బిడ్డను ముద్దు చేసేదెట్లా? పొద్దున మామా ఆఫీసుకు పోగానే ఆ ఇంటి పై అంతస్తు మా కడప జిల్లా అయిపోయేది. "దా నా బంగారూ, బువ్వ తిందువు దా" అంటే చాలు, ఏ మూలనున్నా తప్పటడుగులతో వచ్చి నా ఒళ్లో పడేది. కింద కారు చప్పుడైతే నా తెలుగు బంద్.

సాయంత్రం మామా చేతులు చాచి "తఆలీ" అని పిలిచేది. అరబీలో ఇలా రా అని. పిల్ల కదిలేది కాదు, నా వెనక నక్కేది. "నా బిడ్డకు నేనంటే ఇష్టం లేదు" అని మామా ఒకసారి వంటింట్లో నా ముందే ఏడ్చింది. అయినా నిజం చెప్పలేదు. చెబితే ఖలాస్, అక్కడ ఉండనిచ్చే ఇఖామా కాగితం రద్దు చేసి ఇంటికి పంపేస్తారని భయం.

అప్పుడు ప్రత్యేక పిల్లల బడిలో సీటు మాట వచ్చింది. ఆ బడిలో రెండు రకాల గదులు. ఒకదాంట్లో పాఠాలు చెబుతారు. రెండోదాంట్లో తినిపించి, నిద్రపుచ్చి, సాయంత్రం ఇంటికి పంపుతారు, అంతే. ఏ గదో తేల్చడానికి టీచరు బొమ్మల కార్డులతో పరీక్ష పెడుతుంది. మా పిల్ల రెండో గదికి పోతే జన్మంతా అంతేనని మామాకు తెలుసు, నాకూ తెలుసు.

పరీక్ష రోజు మామా లోపల కూర్చుంది. నేను నీళ్ల సీసా పట్టుకుని గుమ్మం బయట నిలబడ్డాను. టీచరు ఈజిప్టు ఆవిడ, మంచిదే. పిల్లి బొమ్మ చూపించి "ఏ దా?" అంది. ఇదేంటి అని ఈజిప్టు వాళ్లు అలాగే అడుగుతారు. మా పిల్ల లేచి, బల్ల చుట్టూ తిరిగి, టీచరు పక్కన నిలబడింది. టీచరు తీసుకొచ్చి కూర్చోబెట్టింది. ఇంకో బొమ్మ. "ఏ దా?" మళ్లీ లేచింది. మూడోసారీ అంతే. టీచరు కాగితం మీద ఏదో రాసింది. మామా తల దించుకుంది.

పరువు తీస్తోందే అనుకున్నాను మొదట. ఆ తర్వాత వెలిగింది! ఒళ్లంతా జల్లుమంది! ఏ, దా! ఆవిడ ఇదేంటి అంటుంటే మా పిల్లకు "ఏయ్, ఇలా రా" అని వినబడుతోంది. పిలిచిన ప్రతిసారీ బుద్ధిగా లేచి పోతోంది. ఆ గదిలో చెప్పిన మాట వింటున్నది అదొక్కతే!

కువైట్‌లోనే అబూ హలీఫాలో ఉండే మా చిన్నమ్మ కూతురు, ఈ సంగతి చెప్పినప్పుడల్లా "అంత ధైర్యం యాడిదిక్కా నీకు?" అని అడిగేది. ధైర్యమా పాడా, కాళ్లే లోపలికి పోయినాయి. "మాట వింటాంది! వింటాంది!" అని అరిచాను. అదీ తెలుగులో. ఇద్దరూ నోరు తెరుచుకుని చూశారు. తర్వాత నా విరిగిన అరబీలో అంతా కక్కేశాను. దా అంటే తఆలీ అని, రోజూ నేను తెలుగే మాట్లాడానని, తప్పు నాదేనని.

టీచరు కార్డులు నా చేతికిచ్చింది. "ఇదేందిమ్మా?" అన్నాను. "పిల్లి" అంది, రోజూ పై అంతస్తులో నాతో అన్నట్టే. అన్నానికి "బువ్వ" అంది. నీళ్లకు "నీల్లు" అంది. గొడుగు బొమ్మకు మూతి బిగించింది. ఆ తప్పు నాదే, కువైట్‌లో గొడుగు మాట నేనెప్పుడెత్తాను? చెప్పుల బొమ్మకు "చెప్పమ్మా" అంటే "చెప్పు" అంది. అది జవాబో, నా మాటనే తిరిగి అందో దేవుడికెరుక. నేను మాత్రం జవాబు కిందే రాయించాను.

టీచరు పాత కాగితం చింపి "పాఠాల గది" అంది. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. కానీ మామా ముఖం ఎర్రగా ఉంది. ఆరేళ్లు నా అబద్ధంతో బతికిన మనిషి. పెట్టె సర్దుకోవలసిందే అనుకున్నాను.

"ఆ మాట ఏమిటన్నావు?" అంది.

"దా, మామా."

ఆమె తొడుక్కున్న నల్లటి అబాయాతోనే గచ్చు మీద మోకాళ్ల మీద కూర్చుంది. రెండు చేతులూ చాచింది. "దా" అంది. ఆ గొంతులో అది బరువుగా, వంకరగా పలికింది. పిల్ల ఆమెను చూసింది, తర్వాత నన్ను చూసింది. నేను చటుక్కున గోడ వైపు తిరిగి కళ్లు మూసుకున్నాను. ఎదురుగా నేను కనిపిస్తే నా దగ్గరికే వస్తుంది మరి.

చిన్న చెప్పుల చప్పుడు వినిపించింది. అది నా వైపు రాలేదు.