టీ అమ్మేదెవరు?

భీమవరంలో నెట్ సెంటర్లు కొత్తగా తెరిచిన రోజుల్లో, పేపరువాళ్లు పేజీలన్నీ కంప్యూటర్‌లో ఊరికే పెడుతున్నారని విని మా మావయ్యకి చూపించాను. రొయ్యల చెరువులు చేసే ఆయన రోజూ టీకొట్టులోనే పేపరు చదివేవారు. అక్కడ ఒకే పేపరును షీట్లుగా విడదీసి పదిమందీ పంచుకునేవారు.

తెర మీద మొదటి పేజీ రాగానే మావయ్య చెయ్యి చాపారు.

“అది నువ్వు చూసుకో. జిల్లా పేజీ ఇలా ఇయ్యి.”

విడదీయడం కుదరదన్నాను.

“సరేలే. ఊరికే ఇస్తే వాళ్లకేం గిడుతుందిరా?”

“టీకొట్టులో మీరు కొని చదువుతున్నారా ఏంటి?”

“కొట్టువాడు పేపరు వేయించేది మనం టీ తాగుతామనే కదరా! మరి దీని పక్కన టీ అమ్మేదెవరు?”

కొన్నేళ్లకి అదే పేపరు తెరిస్తే చీరలు, సెల్‌ఫోన్లు, ఇళ్ల స్థలాల ప్రకటనలు తెరంతా పరుచుకున్నాయి. వెంటనే మావయ్యకి ఫోన్ చేశాను.

“టీకొట్లు వచ్చేశాయి మావయ్యా. పేపరే కనబడటం లేదు.”