ఏడాది తిరక్కుండా ఏలూరు మ్యాట్నీకి

నా పేరు కట్టా వెంకాయమ్మ. వయసు డెబ్బై నాలుగని ఆధార్ కార్డు చెబుతోంది, ఇంకో రెండు కలిపినా కాదనను. గణపవరం దగ్గర పల్లెలో మా అబ్బాయి శ్రీను, కోడలు లక్ష్మి, నేను, ఒక గేదె ఉంటాం. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే లక్ష్మి రాస్తోంది. తను తిరిగిన ఊళ్ళ గురించి రాసుకునే బ్లాగు ఇది. ఈసారి తిరిగింది నేను కాబట్టి నా మాటే రాయమన్నాను. ఎక్కడా మెత్తబరచవద్దని ముందే చెప్పాను.

మా ఆయన పోయి ఎనిమిది నెలలైంది. ఆ రోజే నా గదిలో టీవీ మీద ఒక తువ్వాలు కప్పారు. పెద్దదినం అయ్యాక ఇంట్లో అందరూ ఎవరి ఫోన్లో వాళ్ళు సినిమాలు చూసుకోవడం మొదలుపెట్టారు. నా టీవీ మీద తువ్వాలు మాత్రం అలాగే ఉంది. భర్త పోయిన ఆడది ఏడాది తిరిగేదాకా వినోదం చూడకూడదట. సీరియల్ లేకపోతే ప్రాణం పోదులే అని ఊరుకున్నాను. అయితే పోయిన వారం శ్రీను కాఫీ తాగుతూ, ఏలూరులో మా ఆయనా నేనూ వెళ్ళే ఆ పాత సినిమా హాలు మూసేస్తున్నారని, ఆదివారంతో ఆటలు ఆఖరని చెప్పాడు. నా ఏడాది తిరగడానికి ఇంకా నాలుగు నెలలుంది. హాలు ఆగదు.

"అయితే నేను వెళ్ళి చూసొస్తాను," అన్నాను.

"ఏడాది తిరక్కుండా సినిమా హాలుకా? ఊళ్ళో ఏమనుకుంటారమ్మా?" అంటూ శ్రీను వెంటనే తాడేపల్లిగూడెం ఫోన్ చేసి నాకిచ్చాడు. అక్కడ మా మరిది సూర్యారావుకి ఉల్లిపాయల వ్యాపారం ఉంది. మా ఆయన తరవాత ఇంటికి పెద్ద అతనే.

"మీకు చెప్పేటంతవాణ్ణి కాదు వదినగారూ," అన్నాడు సూర్యారావు. "కానీ మీరు ఆ గడప తొక్కారంటే, అన్నయ్య సంవత్సరీకానికి మనవాళ్ళెవరూ విస్తరి ముందు కూర్చోరండి. నేనూ కూర్చోను."

ఆ మాట గుచ్చుకుంది. దారిన పోయేవాణ్ణి కూడా పిలిచి అన్నం పెట్టిన మనిషి మా ఆయన. ఆయన పేరు మీద వేసిన విస్తళ్ళు ఖాళీగా ఉంటాయా? అయినా ఆదివారం పొద్దున్నే గేదెకి మేత వేసి, తలకి పోసుకుని, ఉతికిన చీర కట్టుకున్నాను. బయల్దేరబోతుంటే సూర్యారావు మళ్ళీ ఫోన్ చేశాడు. "మార్కెట్లో లోడు దిగుతోందండి, సాయంత్రం దాకా కదిలేది లేదు. మీరు వెళ్ళడం లేదు కదా?" అన్నాడు. సిగ్నల్ లేదని చెప్పి లక్ష్మి ఫోన్ కట్ చేసింది. నా కోడలు మంచిది.

తొమ్మిదింటికి షేర్ ఆటో ఎక్కితే ముప్పై రూపాయలకి ఉంగుటూరులో దింపాడు. అక్కడ ఏలూరు బస్సు కోసం అరగంట నిలబడ్డాను. ఆడవాళ్ళకి బస్సు ఉచితం. కండక్టరుకి ఆధార్ చూపించాను.

"ఆసుపత్రికా మామ్మగారూ?" అన్నాడు.

"సినిమాకి బాబూ."

"ఎవరితోనండీ?"

"నీతో అయితే కాదులే, టిక్కెట్టు కొట్టు." బస్సంతా నవ్వింది. అతను కూడా నవ్వి, వెనక కూర్చున్న పిల్లని లేపి నాకు కిటికీ పక్క సీటు ఇప్పించాడు.

భీమడోలు దాటాక కొల్లేరు వైపు చూశాను. ఇప్పుడన్నీ చేపల చెరువుల గట్లే. నేను పుట్టింది కొల్లేటి లంకలో. నా చిన్నప్పుడు చుట్టూ నీళ్ళే. అవతలి ఒడ్డున టూరింగ్ టాకీస్ డేరా వేసేవారు. సాయంత్రం మైకులో దేవుడి పాట పెట్టారంటే టిక్కెట్లు ఇస్తున్నట్టు. ఆ పాట నీళ్ళ మీదుగా మా గుమ్మం దాకా వచ్చేది. పాట అయిపోయేలోపు తాటిదోనె ఒడ్డు చేరాలి. నాట్లు వేసే ఆడవాళ్ళు తలా కొంచెం వేసుకుని నాకు నేల టిక్కెట్టు కొనిపెట్టేవారు. మర్నాడు చేలో ఆ కథంతా నేను చెప్పాలి. పాటలు పాడాలి, ఏడవాల్సిన చోట ఏడిపించాలి. నేను చెబుతున్నంతసేపు నా వాటా నాటు కూడా వాళ్ళే వేసేవారు. మా నాన్న, సినిమాలు చూసి పిల్ల పాడైపోతోందని తిట్టేవాడు. పాడైపోలేదు. ఆఫీసులో కుర్చీలో ఉన్న మనిషి ఎదుట తల దించకుండా ఎలా నిలబడాలో, అబద్ధం చెప్పేవాడి కళ్ళు ఎటు పోతాయో అక్కడే నేర్చుకున్నాను. అక్షరాలు వచ్చిన మా నాన్నని షావుకార్లు మోసం చేశారు. నన్ను ఎవడూ చెయ్యలేదు.

పన్నెండు కాకముందే ఏలూరులో దిగాను. బస్టాండు ఎదుట చిన్న హోటల్లో అరవై రూపాయలకి పెరుగన్నం, వంకాయ కూర పెట్టారు. వండిన ఆవిడ నా బోసి నుదురు చూసి, "ఒక్కరే వచ్చారా అండీ? తోడెవరూ లేరా?" అంది. ఎక్కడికి వెళ్తున్నానో చెప్పాను. ఆవిడ, "మా అత్తగారు నన్ను రెండేళ్ళు గుమ్మం దాటనివ్వలేదండి," అని ఇంకో గరిటెడు కూర వేసింది. దానికి డబ్బులు తీసుకోలేదు.

హాలు ముందు జనం బాగానే ఉన్నారు. రెండున్నరకి ఆట. కుర్చీ టిక్కెట్టే కావాలన్నాను. ఎందుకో చెబుతాను. మా అత్తవారి ఊరి టాకీసులో నేల మీద ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క, మధ్యలో నడుమెత్తు గోడ. మొగుడూ పెళ్ళాలైనా అంతే. మా ఆయన గోడ అవతల కూర్చుని, అయిదేళ్ళ తమ్ముడు సూర్యం చేత నాకు మురుకులు పంపేవాడు. పెళ్ళయిన ఆరో ఏట కంటి డాక్టరు దగ్గరికని ఏలూరు వచ్చి, ఈ హాల్లో కుర్చీల్లో కూర్చున్నాం. కుర్చీలకి గోడ లేదు. నలుగురిలో పక్కపక్కన కూర్చోవడం మాకు అదే మొదలు. తెర మీద ఏం జరిగిందో నాకు తెలియదు, ఆ సినిమా ఒక్కటే నేను చేలో చెప్పలేకపోయాను. నంబర్లు చదవడం ఇద్దరికీ రాదని టార్చి లైటు మనిషి మమ్మల్ని మూడో ఫ్యాను కింద కూర్చోబెట్టాడు. ఆ తరవాత ఎప్పుడొచ్చినా మాది అదే చోటు.

లోపలికి వెళ్ళేసరికి ఆ ఫ్యాను లేదు. కప్పుకి కొక్కెం ఉంది. కొక్కెం గుర్తు పెట్టుకుని దాని కిందికి నడిచాను. అక్కడ ఒక మనిషి తలపాగా చుట్టుకుని, ముఖానికి మాస్కు పెట్టుకుని కూర్చున్నాడు. ఆ చెవులు నాకు తెలుసు. అయిదేళ్ళప్పటి నుంచి మెలిపెట్టిన చెవులు.

"ఏం సూర్యం, లోడు దిగిందా?"

సూర్యారావు లేవబోయి కుర్చీకి తట్టుకుని మళ్ళీ కూలబడ్డాడు. "వదినగారూ... నాకు పది రోజులే కదండీ సూతకం," అన్నాడు.

"ఆయన నీకు అన్న, నాకు మొగుడు. పోయింది ఒక్క మనిషే. నీకు పది రోజుల్లో తీరిన అంటు నాకు ఏడాది ఎందుకు పడుతుంది? ఏ పంతులు చెప్పాడో తీసుకురా, అడుగుతాను."

ముందు వరసలో వాళ్ళు వెనక్కి తిరిగారు. తిరగనీ అనుకున్నాను. సూర్యారావు మాస్కు తీశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "అన్నయ్య నన్ను కూడా ఇక్కడే కూర్చోబెట్టేవాడండి, మీ ఇద్దరి మధ్యన," అన్నాడు. అప్పుడు ఆట మొదలైంది. ఇంటర్వెల్‌లో సూర్యారావు లేచి వెళ్ళి కాగితం పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"చిన్నప్పుడు గోడ దాటేలోపే రెండు తినేసేవాణ్ణి. ఇవి ముట్టుకోలేదండి."

మురుకులు. చూశాను, ఒక్కటీ విరగలేదు.

సాయంత్రం సూర్యారావు మోటారు సైకిలు ఏలూరులోనే వదిలేసి నాతో బస్సెక్కాడు. ఇంటికొచ్చేసరికి శ్రీను గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. చిన్నాన్నని చూసి చేతులు దించాడు. సూర్యారావు పెరట్లో కాళ్ళూ ముఖం కడుక్కుని తువ్వాలు అడిగాడు. నేను గదిలోకి వెళ్ళి, టీవీ మీది తువ్వాలు లాగి తెచ్చి ఇచ్చాను. అది ఎక్కడిదో తెలిసే తుడుచుకున్నాడు. "సంవత్సరీకానికి మొదటి విస్తరి ముందు నేను కూర్చుంటానండి. రానివాళ్ళని నేనే అడుగుతాను," అన్నాడు. నేను టీవీ పెట్టాను.

ఈ ప్రయాణంలో చూసినదాని కంటే అడిగించుకున్నదే ఎక్కువ. ఒక్కరే వచ్చారా, ఎందుకు వచ్చారు అని. మా ఆయన్ని తలుచుకోవడానికి నాకు ముహూర్తం అక్కర్లేదు. మూల కూర్చుంటే ఆయన గుర్తొస్తాడని చెప్పినవాళ్ళు మమ్మల్ని ఎప్పుడూ సరిగ్గా చూడలేదు. ఆయన నాకు మిగిలింది ఆ కొక్కెం కింద. దానికోసం వెళ్ళాను. ఇంకో హాలు మూస్తారంటే మళ్ళీ వెళ్తాను.

మీ ఊరి దగ్గర కూడా పాత హాలుంటే ఒక సంగతి. ఆధార్ కార్డు చేతి సంచిలో పైనే పెట్టుకోండి, బస్సెక్కగానే కండక్టరు అడుగుతాడు. పాత హాళ్ళలో మెట్లకి పట్టుకునే కడ్డీ ఉండదు, అందుకని లైట్లు ఆర్పకముందే వెళ్ళి కూర్చోండి.

ఇది నేను చెప్పగా రాసి, చదివి వినిపించగా ఒప్పుకుని నా ఎడమ బొటనవేలు వేశాను.

కట్టా వెంకాయమ్మ వేలిముద్ర.

సాక్షులు: కట్టా లక్ష్మి, కోడలు. కట్టా సూర్యారావు, మరిది.

సంతకం పెట్టే ముందు సూర్యారావు, మార్కెట్లో లోడు మాట ఒక్కటీ తీసేయమని బతిమాలాడు. తీయలేదు.