రిటర్న్ లేని ఫంక్షన్ ఇచ్చిన పేరు

దయ్యాలను నమ్మేవాళ్లంటే నాకు మొదటి నుంచీ చులకన. చెత్త కోడ్ రాసి, ఆ తర్వాత తప్పు కంప్యూటర్ మీదికి నెట్టేవాళ్లంటే ఇంకా చులకన.

హన్మకొండలో ఒక బ్లడ్ బ్యాంకులో డేటాబేస్ చూసుకునే ఉద్యోగం నాది. నాకు ముందున్నాయన డేటాబేస్ లోపలే పైథాన్ భాషలో ఒక ఫంక్షన్, అంటే చిన్న ప్రోగ్రాము, రాశాడు. బ్లడ్ గ్రూపు ఇస్తే దాత పేరు, ఫోన్ నంబరు చెప్పాలి. అది దాతల వివరాలుండే టేబుల్ అంతా వెతికేది, దొరికినదాన్ని తనలోనే ఉంచుకుని ఆగిపోయేది. దొరికింది బయటికి పంపమని చెప్పే రిటర్న్ అనే లైను చివర రాయలేదు. రాయకపోతే బయటికి ఖాళీ తప్ప ఏమీ రాదు. మొదటి వారంలో నేర్పే పాఠం ఇది. ఆ మహానుభావుడికి మూడు సర్టిఫికెట్లున్నాయట.

చేరిన మూడో రోజు పొద్దున ఇది చూసి నవ్వుకున్నాను. భోజనం చేసొచ్చి సరిచేద్దామనుకున్నాను.

ఆలోపే ఒక బాలింతకు ఓ నెగెటివ్ రక్తం కావాలని ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. కౌంటర్‌లో ఉండే సరోజనక్క రిజిస్టర్ తిరగేసి నలుగురికి ఫోన్ చేసింది. ఎవరూ ఎత్తలేదు. ఇక దిక్కుతోచక, తెర మీద ఆ ఫంక్షన్‌ను నడిపే, ఎన్నడూ పనిచేయని బటన్ నొక్కింది.

"సార్, పేరొచ్చింది."

"రాదక్కా. అది ఏమీ ఇయ్యదు."

"వచ్చింది గదా, చూడుండ్రి. ఫోన్ చేస్తాన."

లేచి చూశాను. పేరు, పది అంకెలు, స్పష్టంగా.

అరగంటలో మనిషి వచ్చాడు. కొత్తవాడలో జంపఖానాలు నేస్తాడు. పరీక్ష చేస్తే ఓ నెగెటివే. సాయంత్రానికి ఆమెకు రక్తం ఎక్కింది, బతికింది.

పోతూ పోతూ నన్నడిగాడు. "సార్, నేను ఇంతకుముందు ఎన్నడు రక్తం ఇయ్యలే. నా గ్రూపేందో నాకే తెల్వది. మీకు నా నంబరు ఎవలిచ్చిండ్రు?"

టేబుల్‌లో ఆయన పేరు లేదు. రిజిస్టర్‌లో లేదు. ఫంక్షన్‌లో ఎవరూ ఒక్క అక్షరం మార్చలేదు. పదిసార్లు నడిపాను, పదిసార్లూ ఖాళీయే.

మేనేజర్ "క్యాష్ అయ్యుంటది" అన్నాడు, ఎక్కడో విన్న ముక్క. క్యాష్ అంటే ఇంతకుముందు చూపించినదాన్ని కంప్యూటర్ దాచిపెట్టుకోవడం; ఎన్నడూ లేని పేరు అందులోకి ఎట్లా వస్తుంది? డాక్టర్ దేవుడి ఫొటోకు దండం పెట్టాడు. ఇద్దరినీ మనసులో తిట్టుకున్నాను. తిట్టుకుంటూనే పదకొండోసారి నడిపాను.

రిటర్న్ అని ఒక్క లైను చేర్చడానికి అర నిమిషం చాలు. వారం దాకా నాకు చేతులు రాలేదు.