పేలని తుపాకీ

ఈ రోజు జంగారెడ్డిగూడెంలో మా మూడేళ్ల పాపను తీసుకుని బ్యాంకుకి వెళ్లాను. మిలిటరీలో చేసి వచ్చిన గార్డుగారు కుర్చీలోంచి లేస్తుంటే బెల్టు తెగి, ఆయన తుపాకీ పాప కాళ్ల దగ్గరే దభీమని పడింది. పాపను చటుక్కున ఎత్తుకున్నాను. అదృష్టం, పేలలేదు.

ఆయన దాన్ని తీసి చూశారు. “సేఫ్టీ లాక్ వేసే ఉందండి. అదే కాపాడింది.”

“ఈ లాక్ కనిపెట్టిందెవరండీ?”

“తుపాకులు తయారుచేసిన గొప్పోళ్ల పేర్లన్నీ మిలిటరీలో చెప్పారమ్మా. ఈ లాక్ పెట్టినాయన పేరు మాత్రం ఎవరూ చెప్పలేదండి.”

ఇంటికొచ్చి పాపకి అన్నం తినిపిస్తూ, ఆ లాక్ పెట్టిన మనిషెవరో గానీ, ఆయనకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. మీలో ఎవరికైనా ఆయన పేరు తెలిస్తే చెప్పండి. గోత్రం తెలియకపోయినా ఫరవాలేదు, రేపు గుళ్లో అర్చన చేయిస్తాను.