దామోదరసామి చెప్పిన అవును

పొద్దున్నే లేవగానే దామోదరసామి మంచం మీదే కూర్చుని బొటనవేలినీ చూపుడువేలినీ ఎడమచెవి దగ్గర రుద్దుకునేవాడు. తర్వాత కుడిచెవి దగ్గర. ఆ సన్నని గరగర రెండు చెవులకూ అందాకే కాళ్లు నేల మీద పెట్టేవాడు.

కోవిల్‌పట్టి నూలుమిల్లు హోరులో పన్నెండేళ్లు పనిచేసినవాడికి చెవి పోతుందన్న భయం వింత కాదు. పక్క యంత్రం మీద పనిచేసిన పెరియసామికి యాభై దాటకముందే చెవుడు వచ్చింది. ఇంట్లో మాట్లాడితే వీధికంతా వినిపించేది. దామోదరసామి తొంభై నాలుగులో మిల్లు మానేసి, బస్టాండు వెనక సందులో రేడియోలు, టేప్‌రికార్డర్లు, స్పీకర్లు బాగుచేసే కొట్టు పెట్టాడు. మూత విప్పకముందే పాట విని, "ఎడమ స్పీకరు కాగితం చిరిగుండాది" అనేవాడు. విప్పి చూస్తే అంతే. చదువు ఎనిమిదితో ఆగిపోయింది. అన్నం పెట్టింది చెవే.

రెండువేల తొమ్మిదిలో విరుదునగరం నుంచి వసంతకుమార్ కబురు పెట్టాడు. నూనె వ్యాపారి, పాటల పిచ్చివాడు. మేడ మీద కంప్యూటర్లో వేల పాటలు దాచి, వైరు మీదుగా కింద హాల్లో స్పీకర్లకు తెప్పించుకుంటున్నాడు. ఆ వైర్లు కలిసే చిన్న పెట్టె పేరు నెట్‌వర్క్ స్విచ్. మదురై నుంచి వచ్చిన అమ్మకందారు ఒకడు పాత పెట్టె తీయించి, ఇరవై రెట్లు ఖరీదైనది పెట్టించాడు. దీనితో పాట తేటపడుతుందన్నాడు.

హాలు నిండా చుట్టాలు.

"వీణ తీగ మీద గోరు తగిలేది కూడా ఇనిపిస్తా ఉండాది!" అన్నాడు వసంతకుమార్ బావమరిది.

"ముందు దుప్పటి కప్పుకోని పాడినట్టు ఉండె" అంది వసంతకుమార్ తల్లి.

"కోవిల్‌పట్టి చెవే వచ్చుండాది గదా, ఆయన్ని ఇనండి. సెప్పన్నా, తేడా ఉండాదా?" అన్నాడు వసంతకుమార్.

తమిళనాట తరాలుగా ఉంటున్న ఆ ఇళ్ల తెలుగులో, తమిళంలో లాగే, వినడానికీ అడగడానికీ 'ఇను' ఒకటే మాట.

దామోదరసామి కళ్లు మూసుకున్నాడు. పాత పెట్టెతో ఒకసారి, కొత్తదానితో ఒకసారి, మళ్లీ ఒకసారి విన్నాడు. అదే పాట. గోరూ లేదు, దుప్పటీ లేదు. ఇంతమందికి వినిపించింది తనకొక్కడికే వినిపించలేదు. పెరియసామి అరుపులు గుర్తొచ్చాయి.

"అవును, తేటగా ఉండాది" అన్నాడు.

ఇంటికొచ్చాక భార్య ముత్తులక్ష్మితో, "నా చెవి పాయె" అన్నాడు.

"చెవి పోయినోళ్లకి నేను గొణిగేది ఇనిపించదు. మీకు ఒక్కటీ తప్పకుండా ఇనిపిస్తా ఉండాదే, అదే నా కర్మ" అందామె. అయినా పది రోజుల్లోనే డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది.

మళ్లీ విరుదునగరమే. డాక్టరు చెవులకు యంత్రం తగిలించి చూసి, ఈ వయసుకు ఇంత మంచి చెవులు అరుదన్నాడు. తిరుగు బస్సులో ఆ సంతోషం సాత్తూరు దాకా నిలిచింది. అక్కడ ఒక ఆలోచన పట్టుకుంది. చెవి బాగుంటే, ఆ పాటలో తేడా లేనట్టే. మరి తను ఏం చెప్పొచ్చాడు? ఆ మాట మీదే కోవిల్‌పట్టి వకీలు ఒకాయన అలాంటి పెట్టె తెప్పించుకున్నాడని అప్పటికే తెలిసింది.

రెండు రోజులు తిండి సయించలేదు. మూడోరోజు వసంతకుమార్ ఇంటికి పోయాడు. అతని భార్య శివరంజని పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. ముందు ఆమెనే అడిగాడు.

"పాట అంకెలుగా వస్తాదన్నా. అంకెలన్నీ వచ్చి చేరితే ఏ పెట్టె అయినా అదే పాట. చేరకుంటే తెగి తెగి వస్తాది. తేటగా వచ్చేది అని ఒకటి లేదు."

"మరి ఆ పొద్దు ఏల సెప్పలేదమ్మా?"

"నన్ను ఎవరు ఇనిరి?" అందామె.

ఆమె ఇంట్లోవాళ్లందర్నీ హాల్లో కూర్చోబెట్టి, పెట్టెల మీద గుడ్డ కప్పి, ఏది తగిలించిందీ చెప్పకుండా పదిసార్లు మార్చింది. హాల్లో ఒక్కరూ సరిగ్గా గుర్తుపట్టలేకపోయారు. అత్తగారైతే పాత పెట్టెకే ఎక్కువసార్లు తల ఊపింది.

వసంతకుమార్ ముఖం మాడిపోయింది. "ఆ పొద్దు తేట అంటివి. ఈ పొద్దు సుమ్మా, ఏమీ లేదు అంటా ఉండావు. నీ చెవిని నమ్మేదా, నోటిని నమ్మేదా?"

"చెవి తప్పలేదు తంబీ. నోరే అబద్దం చెప్పె. చెవుడు అంటారని బయపడితిని."

"సరి, పోయి రాన్నా" అని వసంతకుమార్ లోపలికి వెళ్లిపోయాడు.

దామోదరసామి వకీలు ఇంటికి కూడా వెళ్లి ఉన్నమాట చెప్పాడు. వకీలు జాలిగా చూసి, "నాకు బాగా వినిపిస్తోందే" అన్నాడు తమిళంలో. వారం తిరగకముందే ఊళ్లో మాట పాకింది: పాపం, దామోదరసామికి చెవి పోయింది. కాదని ఎంతమందికి చెప్పుకుంటాడు? ఒకరిద్దరికి చెప్పబోతే, వాళ్లు గొంతు పెంచి మాట్లాడారు. బాగుచేయడానికి ఇచ్చిన స్పీకర్లను కూడా వచ్చి పట్టుకుపోయారు.

ఇప్పుడతనికి డెబ్బై ఏళ్లు. అదే సందులో మిక్సీలు, గ్రైండర్లు బాగుచేస్తున్నాడు.