ఇంజను పిడి, వరహాలు చెయ్యి

పెదజాలరిపేట ఒడ్డున పడవను నీళ్లలోకి దింపడం ఎవరైనా చేస్తారు. దాన్ని తిరిగి ఒడ్డుకు తేవడంలోనే ఉంది పనితనం. కెరటాలు విరిగే చోట పడవ ఒక్కసారి అడ్డం తిరిగిందంటే బోల్తా కొట్టక మానదు. ఆ పనిలో వరహాలుకు ఇరవై ఏళ్ల పేరుంది. తెడ్డు అతని చేతిలో ఉందంటే బావమరిది కామరాజు వెనక్కి తిరిగి చూసేవాడు కాదు.

అలాంటి వరహాలు, 1985 వేసవి నాటికి, తన కుడిచేతికే భయపడుతున్నాడు.

అంతకు ఏడాది ముందు వల లాగుతుండగా తాడు మణికట్టుకు చుట్టుకుని ఒక్క గుంజు గుంజింది. వాపు తగ్గింది, నొప్పి తగ్గింది, పట్టు మాత్రం రాలేదు. బొటనవేలూ చూపుడువేలూ ఎవరివో తెచ్చి అతికించినట్టుండేవి. తెడ్డును చంకలో అదిమిపెట్టి, ఎడమచేత్తో ఆనించి ఎలాగో నెట్టుకొస్తున్నాడు. ఈ సంగతి భార్య అసిరమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. ఆమెకైనా అతను చెప్పలేదు. రెండుసార్లు టీ గ్లాసు జారిపడితే ఆమే కనిపెట్టింది.

"తమ్ముడికి సెప్పీ మావా," అంది.

"సెప్తే? రేపటినించి నన్ను ముందు కూకోబెట్టి ఆడే నడుపుతాడు. పేటంతా తెలిసిపోద్ది. నువ్వు నోరెత్తకు."

ఆ వేసవిలోనే మత్స్యకారుల సొసైటీ తరఫున వాళ్లిద్దరి పడవకూ ఇంజను వచ్చింది. పడవ వెనక తగిలించుకునే చిన్న ఇంజను. బిగించడానికి కంచరపాలెం రైలుగేటు దగ్గర షెడ్డు నడిపే దొరబాబు దగ్గరికి మోసుకెళ్లారు. దొరబాబు నీళ్లు నింపిన డ్రమ్ము అంచుకు ఇంజను తగిలించి స్టార్టు చేశాడు. షెడ్డంతా పొగ.

"ఇదిగో, ఈ హ్యాండిలే మీ సుక్కాని. ఇటు తోస్తే పడవ అటెల్తాది. ఈ పిడి మెలితిప్పితే స్పీడు. పట్టుకుని సూడండి."

కామరాజు పట్టుకుని మెలితిప్పి, ఇంజను గర్జిస్తే పెద్దగా నవ్వాడు. తర్వాత వరహాలు వంతు. పిడికిలి బిగించి తిప్పాడు. పిడి తిరగలేదు, అరచేయే పిడి మీద జారింది. ఎవరూ చూడలేదనుకుని చెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు.

"ఇంకో రకంగా అవదేటి?" అని అడిగాడు.

"ఎందుకవదు? ముందర స్టీరింగు పెట్టి కేబులు లాగొచ్చు. స్పీడుకి పక్కన సిన్న లివరు. లేదంటే కాలితో తొక్కే పలక పెట్టి తాళ్లు కట్టొచ్చు. సెరువులో వలేసే ఒకాయనకి అలగే సేసిచ్చాను. గాని సముద్రంలో పడవ ఎగిరితే పలక మీద కాలు నిలవదు. స్టీరింగు కూడా మీకొద్దు, అన్నా. హార్బర్లో నిలిపే లాంచీలకైతే సరే. మీరు ఇసక మీదకి లాగుతారు. ఇసకా ఉప్పూ కేబుల్లోకి దూరితే పట్టేస్తాది."

"హ్యాండిలే ఉంచీ," అని కామరాజు తేల్చేశాడు.

మూడు రోజులు వరహాలుకు అన్నం సయించలేదు. కూర్చున్నా నిలుచున్నా ఒకటే ఊహ: కెరటం నెత్తిన ఉండగా చేతిలోంచి పిడి జారిపోవడం. స్టీరింగైతే వేళ్లతో పనిలేదు, మోచేత్తోనైనా తిప్పొచ్చు. నాలుగోరోజు ఒక్కడే కంచరపాలెం వెళ్లి స్టీరింగు పెట్టమన్నాడు.

"కామరాజుకి తెలుసా?"

"తెలుసు. ఒప్పుకున్నాడు."

అబద్ధం అంత తేలిగ్గా వచ్చినందుకు అతనికే ఆశ్చర్యం వేసింది.

స్టీరింగు చూసి కామరాజు ముక్కున వేలేసుకున్నాడు. "ఇదేటి బావా! సేపలకెల్తన్నామా, సిమ్మాచలం బస్సు నడుపుతన్నామా?" అన్నాడు. కానీ పెద్దవాడి మాట కాదనలేదు.

రెండు వారాలు బాగానే నడిచింది. మూడోవారంలో స్టీరింగు బరువెక్కింది. వరహాలు రోజూ పొద్దున్నే గ్రీజు పూసి, తిప్పి, చెవి ఒగ్గి వినేవాడు. లోపల ఇసక కరకరలాడేది. విప్పించుదామంటే దొరబాబు కామరాజు ముందే తన అబద్ధం బయటపెడతాడేమోనని భయం. ఇవాళ్టికి గడిస్తే చాలనుకుంటూ రోజులు వెళ్లదీశాడు.

ఆ రోజు పది గంటలవేళ, ఎండ కాస్తుండగా ఒడ్డుకు వస్తున్నారు. కెరటాల వరస ముందుకొచ్చింది. పడవ ముక్కు కొంచెం ఎడమకు తిరిగితే సరిచేద్దామని స్టీరింగు తిప్పాడు. కదల్లేదు. మోచేత్తో అదిమాడు, రొమ్ముతో నెట్టాడు. పడవ అడ్డం తిరుగుతోంది.

"బావా! తిప్పు!" అని కామరాజు అరిచాడు.

"పట్టీసింది! రావట్లేదు!"

మొదటి కెరటం పక్కనుంచి కొట్టి చేపల గంపలన్నీ ఊడ్చుకుపోయింది. కామరాజు వెనక్కి దూకి, కేబులును ఇంజనుకు తగిలించిన పిన్ను పీకేసి, ఇంజనును రెండు చేతులా పట్టుకుని తిప్పాడు. రెండో కెరటం వచ్చేసరికి పడవ ముక్కు ఒడ్డువైపుకు తిరిగింది. ఆ ఊపుతోనే ఇసక తాకారు. కామరాజు మోకాలికింద చీరుకుపోయి రక్తం కారుతోంది.

"దొరబాబు మొత్తుకున్నాడా లేదా? నీకెందుకొచ్చిందీ యావ?" అని కేకలేశాడు.

వరహాలు కుడిచెయ్యి చాపాడు. "పట్టుకో."

కామరాజు అర్థంకాక పట్టుకున్నాడు.

"నొక్కుతన్నాను."

"ఏదీ? నొక్కు మరి."

"నొక్కుతనే ఉన్నాను."

కామరాజు ఆ వేళ్లనీ, బావ మొహాన్నీ మార్చి మార్చి చూశాడు. జాలిపడతాడనుకున్నాడు వరహాలు. కానీ అతను చెయ్యి విదిలించేశాడు. "ఏడాది! ఏడాదినించి నా పేనం ఈ సేతిలో ఎట్టుకుని నాకు సెప్పలేదు నువ్వు," అని కుంటుకుంటూ వెళ్లిపోయాడు.

అయిదు రోజులు కామరాజు ఆ గుమ్మం తొక్కలేదు. ఆరోరోజు వచ్చి, "పద, పెద్దాసుపత్రికి," అన్నాడు. నరం దెబ్బతిందనీ, పట్టు పూర్తిగా రాదనీ డాక్టరు చెప్పాడు. అక్కణ్నుంచి తిన్నగా కంచరపాలెం వెళ్లారు. దొరబాబు ఏమీ దెప్పకుండా స్టీరింగు విప్పేసి హ్యాండిలు పెట్టాడు. ఎడమచేత్తో పట్టడానికి వీలుగా కూర్చునే చెక్కను రెండోపక్కకు మార్చాడు.

ఎడమచెయ్యి కుదరడానికి రెండు నెలలు పట్టింది. సముద్రం మీద వరహాలే నడిపేవాడు. ఒడ్డు దగ్గర మాత్రం కామరాజుకు పిడి అప్పగించి ముందుకెళ్లి కూర్చునేవాడు. మొదట్లో సిగ్గుతో తలెత్తేవాడు కాదు.

ఒకరోజు పెద్ద కెరటాల ముందు ఇంజను నెమ్మది చేసి కామరాజు కదలకుండా ఉండిపోయాడు.

"ఏటి సూత్తన్నావ్? ఎల్లు!" అన్నాడు వరహాలు.

"ఏ కెరటం ఎనకాల ఎల్లాలో నాకేటి తెలుసు? ఇరవయ్యేళ్లూ నాను ఎనక్కి సూసీనా? నువ్వు సెప్పు."

వరహాలు మోకాళ్ల మీద లేచాడు. వెనక వచ్చే కెరటాలకేసి తిరిగాడు. ఒకటి పోనిచ్చాడు. రెండోది పోనిచ్చాడు. మూడోది వెన్ను వంచి ముందుకు దొర్లగానే, "ఇప్పుడు!" అని అరిచాడు. ఇంజను గర్జించింది.

తర్వాత ఎన్నో ఏళ్లు వాళ్లు అలాగే ఒడ్డుకు వచ్చారు. పడవ ఇసకను ఒరుసుకునేదాకా వరహాలు ఊపిరి బిగబట్టే ఉండేవాడు.